ఓపెన్ ప్రైమరీ అంటే రెండు పార్టీల్లోనూ ఓటేయడమా?

అమెరికాలో ప్రైమరీలు (నవంబరు ఎన్నికలకు పార్టీల అభ్యర్థులను ఎంచుకునే పోలింగ్) దగ్గరపడితే చాలు, మనవాళ్ళ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతుంది: "ఓపెన్ ప్రైమరీ ఉన్నచోట రెండు పార్టీల్లోనూ ఓటేయొచ్చు. అవతలి పార్టీలో చేతకాని అభ్యర్థిని గెలిపిస్తే నవంబరులో మన పని సులువు. కాలిఫోర్నియాలోనూ ఇదే పద్ధతి."

రెండింట్లోనూ వేయడం కుదరదు. ఓపెన్ ప్రైమరీ అంటే ఆ పార్టీలో నమోదు కాకున్నా దాని ప్రైమరీలో ఓటేయగలగడం, అంతే. టెక్సాస్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ ఏదని అడగరు, అంతవరకు నిజమే. మార్చిలో పోలింగ్ కేంద్రానికి వెళ్ళాక మాత్రం ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్పాలి. ఒక్కటే ఇస్తారు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాక మేలో రనాఫ్ (మలివిడత పోటీ) పెడితే, అప్పుడూ అదే పార్టీలో వేయాలి. మిషిగన్‌లో ఆగస్టు ప్రైమరీకి ఒకే కాగితం మీద రెండు పార్టీల వరసలూ ఉంటాయి. అనుమానం పుట్టేది అక్కడే. గడులు అటొకటి, ఇటొకటి నింపారా, పార్టీల వరసల్లో వేసిన ఓట్లన్నీ చెల్లకుండా పోతాయి. పార్టీలతో సంబంధం లేని విభాగంలో వేసినవే నిలుస్తాయి.

ఇక చేతకానివాణ్ణి గెలిపించే ఎత్తు. 2008లో రేడియో వ్యాఖ్యాత రష్ లింబా అధ్యక్ష అభ్యర్థి ఎవరన్న డెమొక్రాట్ల పోరు తెగకుండా సాగాలని, హిల్లరీ క్లింటన్‌కు ఓటేయమని రిపబ్లికన్లను ఊదరగొట్టాడు. ఇండియానా ప్రైమరీలో ఆమె స్వల్ప తేడాతో నెగ్గింది కూడా. ఏం లాభం? నామినేషన్ ఒబామాకే దక్కింది. నవంబరులో అదే ఇండియానా ఒబామాకే పడింది!

అవతలి పార్టీలో ఓటేసేవాళ్ళు లేరని కాదు. 2014లో మిసిసిపీ రిపబ్లికన్ సెనేట్ రనాఫ్‌లో అప్పటి సెనేటర్ థాడ్ కాక్రన్ గట్టెక్కడానికి నల్లజాతి డెమొక్రాట్ల ఓట్లు బాగా కలిసొచ్చాయి. వాళ్ళు చెడగొట్టడానికి రాలేదు. అక్కడ రిపబ్లికన్ టికెట్ దక్కితే సీటు దక్కినట్టే కాబట్టి, ఉన్న ఇద్దరిలో కాస్త నయమనుకున్నవాణ్ణి నిలబెట్టుకున్నారు. నా లెక్కలో అది కుట్ర కాదు, తెలివైన ఓటు.

కాలిఫోర్నియా దారి వేరు. 2010లో ఓటర్ల ఆమోదం పొందిన ప్రొపోజిషన్ 14 అనే ప్రతిపాదన ప్రకారం సెనేట్, గవర్నర్ వంటి పదవులకు అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే జాబితాలో ఉంటారు, మొదటి ఇద్దరు నవంబరుకు వెళ్తారు. అందుకే 2016 సెనేట్ పోటీలో చివరికి మిగిలిన కమలా హారిస్, లొరెట్టా శాంచెజ్ ఇద్దరూ డెమొక్రాట్లే. అధ్యక్ష అభ్యర్థి ఎంపికకు ఈ పద్ధతి వర్తించదు. ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్ళను రానివ్వాలా వద్దా అన్నది పార్టీల ఇష్టం.