మహారాజశ్రీ 195 మీటర్ల కొసరు గారికి

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నా ఎడమ మోకాలు తప్ప ఇంటిల్లిపాదీ క్షేమం. తమరు అక్కడ, మారథాన్ పరుగులో 42వ కిలోమీటరు దాటగానే, క్షేమంగా కాచుకుని కూర్చున్నారని తలుస్తాను.

నన్ను మీరు ఎరగరు. ఎరిగే అవకాశం నేనెప్పుడూ ఇవ్వలేదు. బళ్లో పరుగు పందేల రోజున గీత దగ్గర రిబ్బను ఒక కొస పట్టుకునే కుర్రాణ్ణి నేను. రెండో కొస డ్రిల్లు మాస్టారిది. ఆ ఉద్యోగం నాలుగేళ్లు నిర్విఘ్నంగా చేశాను. పరిగెత్తేవాళ్ల చెప్పులకు కాపలా కూడా నేనే. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో పరిగెత్తింది రెండేసార్లు: ఒకసారి సికింద్రాబాద్ స్టేషన్లో కదిలిపోతున్న రైలు కోసం, ఒకసారి కుక్క వల్ల. రైలు నాకు దొరకలేదు. కుక్కకు నేను దొరికాను.

అలాంటివాణ్ణి 44వ ఏట, ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరిచ్చాను. హాఫ్ కాదు, ఫుల్లే, అంటే 42 కిలోమీటర్లు, ఆపైన తమరు. ఎందుకని అడక్కండి. ఆఫీసులో ఒకడు ఎక్కడో హాఫ్ పరిగెత్తి, సోమవారం మెడల్ మెళ్లో వేసుకుని వచ్చాడు. క్యాంటీన్‌లో సాంబారు పోసుకునేటప్పుడు కూడా తీయలేదు. అంతకంటే ఉదాత్తమైన కారణం కోసం చాలా వెతికాను.

42తో నాకు పేచీ లేదు. తెలిసే ఒప్పుకున్నాను, డబ్బు కట్టాను. పేచీ అంతా మీతోనే. కిలో వంకాయలు తూచాక బండివాడు రెండు పచ్చిమిరపకాయలు, ఓ కరివేపాకు రెబ్బ సంచీలో పడేస్తాడే, దాన్ని కొసరంటారు. అడిగినవాళ్లకే వేస్తాడు. మిమ్మల్ని నేనెప్పుడు అడిగానండీ?

మీ పుట్టుపూర్వోత్తరాలు కనుక్కున్నాను. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మీరు లేనే లేరు. అప్పటి దూరం సుమారు 40 కిలోమీటర్లు. నీళ్లు మోసుకుని బతికే స్పిరిడాన్ లూయిస్ గెలిచాడు, దేశమంతా పండగ చేసుకుంది, ఇంకో రెండు వందల మీటర్లు ఉంటే బాగుండేదని ఒక్కడూ అనలేదు. 1908 లండన్‌లో వచ్చింది తంటా. పరుగు విండ్సర్ కోట ఆవరణలో మొదలవ్వాలి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ముగియాలి. లెక్కేస్తే 26 మైళ్లు, ఆపైన స్టేడియం లోపల 385 గజాలు తేలింది. 1921లో అదే కొలతను ఖాయం చేసేశారు. మా కాలనీ రోడ్డు కూడా ఇంతే. తిన్నగా వస్తూ వస్తూ ఓ పెద్దమనిషి గేటు ముందు వంకర తిరుగుతుంది. ఆ పెద్దమనిషి ఇల్లమ్ముకుని వెళ్లిపోయాడు. వంకర ఉంది.

ఇంకో సంగతి కూడా గమనించాను. మైళ్ల లెక్కలో 385 గజాలున్న మీరు కిలోమీటర్లలోకి మారేసరికి చిక్కి 195 మీటర్లయ్యారు. నేను అయిదు నెలలు పరిగెత్తి కిలోన్నర తగ్గాను. ఆ రహస్యమేదో కాస్త మాకూ చెప్పకూడదా?

పుట్టిన రోజునే మీరు చేసిన ఘనకార్యం మాత్రం క్షమించలేను. డొరాండో పియెట్రి అని ఇటలీ నుంచి వచ్చిన మిఠాయి కొట్టు పనివాడు. 26 మైళ్లు అందరికంటే ముందు పూర్తి చేసి స్టేడియంలోకి అడుగుపెట్టాడు. పెట్టి, తప్పు దిక్కుకు తిరిగాడు. ఎవరో మళ్లించారు. పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు. ఆ కాస్త దూరం వెళ్లడానికి పది నిమిషాలు పట్టింది. చూడలేక అధికారులే లేవదీసి గీత దాటించారు. సాయం తీసుకున్నాడని అతన్ని అనర్హుడిగా తేల్చి, వెనకొచ్చిన అమెరికా కుర్రాడు జానీ హేస్‌కు బంగారు పతకం ఇచ్చారు. మర్నాడు రాణిగారు జాలిపడి పియెట్రికి ఓ కప్పు బహూకరించారనుకోండి. ఎవరి సౌకర్యం కోసం అక్కడి దాకా పరిగెత్తించారో వాళ్లే బహుమతీ ఇవ్వడం, మనకు కొత్తేం కాదు.

ఇక నా సాధన సంగతి. మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఆ ఒక్క నిమిషంలో నాకు పూర్వీకులందరూ కనిపించారు. పొద్దున్నే నాలుగున్నరకు అలారం. వీధిలోకి రాగానే కుక్కలు, పాత పరిచయం కదా, ఆప్యాయంగా వెంటపడేవి. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు బండి ఆపి, "ఏమైంది సార్, ఆస్పత్రికా? ఎక్కండి" అన్నాడు. అమ్మకు ఫోన్లో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఎవరికైనా డబ్బులు బాకీ పడ్డావా నాన్నా?" అంది.

ఇప్పుడు ఆదివారాలు నెక్లెస్ రోడ్డులో లాంగ్ రన్ చేస్తున్నాను. జేబులో ఖర్జూరాలు, పల్లీపట్టీ. చొక్కా ఒరుసుకోకుండా ఎక్కడెక్కడ వ్యాజిలైన్ రాసుకోవాలో కూడా నేర్చుకున్నాను, అది ఉత్తరంలో రాసే విషయం కాదు. కుడికాలి రెండో వేలి గోరు మొదట గులాబీ రంగులో ఉండి, తర్వాత వంకాయ రంగుకు వచ్చి, ఇప్పుడు నిగనిగలాడే నేరేడుపండులా ఉంది. మా అమ్మాయి దానికి నెయిల్ పాలిష్ వేస్తానంటోంది.

విచిత్రమేమిటంటే, నా ట్రైనింగ్ ప్లాన్‌లో ఎంత పెద్ద పరుగైనా 32 కిలోమీటర్లతో సరి. కొత్తవాళ్లకు మామూలుగా అంతేనట. ఒంట్లో దాచుకున్న ఇంధనం, గ్లైకోజెన్ అంటారు, అడుగంటేది కూడా సరిగ్గా ఆ ప్రాంతంలోనేనట, దాన్ని 'గోడ' అంటారు. అంటే గోడ దాకా చూపించి, గోడవతల సంసారం మాత్రం పెళ్లయ్యాక చూసుకోమంటారు. మీరేమో ఆ సంసారంలో ఆఖరి గదిలో ఉన్నారు. పెళ్లిచూపులకైనా రారు.

ఆరు గంటల్లో ముగించాలని నేను పెట్టుకున్న ముహూర్తం. కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాల చొప్పున, ఫ్లైఓవర్లను కూడా చదునుగా భావించి లెక్కేస్తే, 42కు 5 గంటల 57 నిమిషాలు. మీకు ఒక నిమిషం 39 సెకన్లు. మిగిలేది 81 సెకన్లు. షూ లేసు ఊడితే ముహూర్తం తప్పినట్టే.

అసలు మీరెంత ఉంటారో కళ్లారా చూద్దామని ఫోన్ పట్టుకుని మా వీధిలోనే కొలిచాను. మా గేటు నుంచి మలుపులో పాల బూత్ దాకా. వెళ్లేటప్పుడు 0.19 చూపించింది, వచ్చేటప్పుడు 0.20. సగటు మీరే. పదకొండేళ్లుగా పెరుగు ప్యాకెట్ కోసం రోజూ స్కూటీ మీద వెళ్లొస్తున్న దూరం మీరేనని అప్పుడు తెలిసింది.

మొన్న ఆదివారం మొదటిసారి 30 పూర్తి చేశాను. సాయంత్రం సోఫాలో కాళ్లు బారజాపుకుని మెడల్ ఎక్కడ తగిలించాలా అని గోడ కేసి చూస్తుంటే వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమండీ, పెరుగు లేదు, కాస్త పరిగెత్తుకెళ్లి తెస్తారా?" అంది. రెయిలింగ్ పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ దిగాను. వాచ్‌మన్ కుర్చీ తెచ్చాడు, వద్దన్నాను.

స్కూటీ తాళం జేబులోనే ఉంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు
(రిబ్బను ఎడమ కొస)