దొరగారూ, మీది ఆ లైను కాదు

స్పెయిన్ విమానాశ్రయాల్లో బ్రిటిష్ యాత్రికులు పడుతున్న అగచాట్ల గురించి లండన్ పత్రికలు ప్రతి వేసవిలోనూ అచ్చువేసే కన్నీటి కథనాలు చదివి చదివి నా గుండె చెరువైంది. ఇక ఊరుకుంటే పాపం. వారికి బహిరంగంగా సానుభూతి తెలపడానికే ఈ నాలుగు ముక్కలు.

సంగతి ఏమిటంటే, స్పెయిన్‌లోని అలికాంటేలో విమానం దిగిన దొరగారు, తమ దేశం యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చేసిన సంగతి (దాన్నే బ్రెగ్జిట్ అన్నారు) మరచి, పాత అలవాటు కొద్దీ యూనియన్ పౌరుల లైనులోకి నడుస్తారు. అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెయ్యి చాపి ‘ఇతర దేశాల వారు అటు’ అంటాడు. ఇతర దేశాల వారట! రవి అస్తమించని సామ్రాజ్యానికి వారసుడైన మనిషిని, పట్టీలు కట్టిన స్తంభాల మధ్య మెలికలు తిరిగే వరుసలో, నెత్తి మీద ఎండ టోపీతో, పక్కన అలిగిన భార్యతో నిలబెట్టడమా? మన ఊళ్లలో రేషన్ దుకాణం ముందు కూడా ఇంత అన్యాయం జరగదు.

ఆయనకు సరిగ్గా ముందు నిలబడ్డాడు ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్న మన తెలుగు అబ్బాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఊరు గుంటూరో కరీంనగరో, అది మనకు అనవసరం. అతని చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం చీటీలు, ప్రయాణ బీమా, హోటలు బుకింగు, సెలవు మంజూరు చేసినట్టు కంపెనీ ఇచ్చిన ఉత్తరం ఉన్నాయి. ఎవరూ అడగకపోయినా ఫోల్డరు తెరిచి వరుస సరిచూసుకుంటున్నాడు. ఈ లైనులో నిలబడడం అతనికి వంశపారంపర్యంగా వచ్చిన విద్య. దొరగారు విసుగ్గా ఆ అబ్బాయి చేతిలోని పాస్‌పోర్టు వైపు చూశారు. ముదురు నీలం అట్ట. దాని మీద సింహాలు. తన చేతిలోది చూసుకున్నారు. ముదురు నీలం అట్ట. దాని మీదా సింహం.

‘ఇక్కడ ఎప్పుడూ ఇంతేనా?’ అని అడిగారు దొరగారు.

‘ఎప్పుడూ ఇంతే సార్. మీరు కొత్తగా వచ్చారు, అలవాటవుతుంది’ అన్నాడు మనవాడు, చిన్న బిస్కెట్ల పొట్లం ముందుకు చాపుతూ.

ఆ నీలం అట్ట కథ వేరు. అంతకుముందు ముప్పై ఏళ్లపాటు ఎర్రగా ఉన్న ఆ పుస్తకాన్ని తిరిగి నీలంగా మార్చడం స్వాతంత్ర్యానికీ సార్వభౌమత్వానికీ చిహ్నమని 2017లో ప్రధాని థెరిసా మే ప్రకటించారు. యూనియన్ ఎవరినీ ఫలానా రంగే వాడమని నిర్బంధించలేదు. 2013లో చేరిన క్రొయేషియా నీలం పాస్‌పోర్టుతోనే చేరింది, ఇవాళ్టికీ అదే పట్టుకుని మొదటి లైనులో దర్జాగా వెళ్లిపోతోంది. సరే, రంగు మార్చుకున్నారు. ముద్రణ కాంట్రాక్టు స్వదేశీ కంపెనీకి కాకుండా ఫ్రాన్స్, నెదర్లాండ్స్ మూలాలున్న సంస్థకు దక్కింది. ఇంతకీ అచ్చయ్యేది ఎక్కడ? పోలండ్‌లో. పోలండ్ వాళ్లు ఎక్కువైపోయారన్న గోల మీద సాధించుకున్న స్వాతంత్ర్యాన్ని పోలండ్ వాళ్లే అచ్చువేసి పంపిస్తున్నారు.

2025 అక్టోబరులో ఇంకో ఘోరం మొదలైంది. యూరప్ సరిహద్దుల్లో కొత్త పద్ధతి పెట్టి, బయటి దేశాల వారి ఫోటో, నాలుగు వేళ్ల ముద్రలు తీసుకుంటున్నారు. మమ్మల్ని నేరస్థుల్లా చూస్తున్నారని దొరలు గగ్గోలు పెడుతున్నారు. నిజమే, చాలా అవమానం. తమ దేశపు వీసా అడిగిన పాపానికి మన పిల్లల చేత పది వేళ్లూ గాజు పలక మీద నొక్కించుకునే ప్రభుత్వానికి, నాలుగు వేళ్లు అడిగితే ఎంత కష్టంగా ఉంటుందో నేను అర్థం చేసుకోగలను. ఆరు వేళ్ల తేడా మామూలు తేడా కాదు.

ఇదంతా ఎలా వచ్చిందో గుర్తున్నవారు ఉన్నారు, గుర్తుంచుకోదలచని వారు అంతకంటే ఎక్కువగా ఉన్నారు. సొంత పార్టీలో తగవు తీరడానికని అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్, యూనియన్‌లో ఉండాలా వెళ్లిపోవాలా అని జనాన్నే ఓటు అడుగుతూ రెఫరెండం పెట్టారు. 2016 జూన్ 23న 1.74 కోట్ల మంది వెళ్లిపోదామన్నారు, 1.61 కోట్ల మంది ఉందామన్నారు. మర్నాడు పొద్దునే ఆయన రాజీనామా ప్రకటించారు. తరువాత ఒక రోజు, పదవి ఎప్పుడు వదులుతారో ఇంటి గుమ్మం ముందు చెప్పి, చొక్కాకు మైకు ఉందన్న సంగతి మరచి, ‘డూ డూ డూ డూ’ అని కూనిరాగం తీస్తూ లోపలికి వెళ్లిపోయారు. దేశాన్ని నిలువునా చీల్చిన మనిషి నోట ఎంత హాయైన రాగం!

విడిపోవడం గురించి తెలుగువాళ్లకు ఒకరు పాఠం చెప్పనక్కరలేదు. లోక్‌సభలో మిరియాల స్ప్రే కొట్టుకుని మరీ విడిపోయినవాళ్లం. మనల్ని ఎవరూ ఓటు అడగలేదు, అది వేరే బాధ. కానీ మన పునర్విభజన చట్టంలో ఎన్ని బొక్కలున్నా, తొమ్మిదో షెడ్యూలనీ పదో షెడ్యూలనీ ఇన్నేళ్లుగా కొట్టుకోవడానికి చేతిలో ఒక కాగితమైనా ఉంది. వాళ్ల బ్యాలెట్ మీద ఉన్నవి రెండే గడులు, ఉండడం, వెళ్లడం. వెళ్లి ఎక్కడ నిలబడాలన్న సంగతి ఎవరూ రాయలేదు. రాయనిదాని గురించే నాలుగేళ్లు కొట్టుకున్నారు. ఉందామన్న స్కాట్లండ్‌ను, ఉందామన్న ఉత్తర ఐర్లండ్‌ను కూడా వెంట లాక్కుపోయారు. వెళ్దామన్న తాతగారితో ఉందామన్న మనవరాలు మాట్లాడడం మానేసింది. లండన్‌లో చదువుకున్నవాళ్లు ఇంగ్లండులోని బోస్టన్ లాంటి పట్టణాల్లో నూటికి డెబ్బై అయిదు మందికి పైగా వెళ్లిపోదామని ఎందుకు ఓటేశారని అడగకుండా, వాళ్లకు బుర్ర లేదని తేల్చేశారు. అవతలివాళ్లు వీళ్లను దేశద్రోహులన్నారు. ఇప్పుడు సర్వేల్లో సగానికి పైగా జనం తప్పు జరిగిందంటున్నారు. ఆ తప్పు ఎవరిది అంటే మాత్రం ఎవరి వేలు అవతలివాడి వైపే.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఇక్కడి నుంచి నావల్ల కాదు.

ఆ రెఫరెండంలో బ్రిటన్‌లో ఉంటున్న కామన్వెల్త్ పౌరులకు ఓటుంది. అంటే శంషాబాద్‌లో విమానమెక్కి వచ్చి, గది అద్దెకు తీసుకుని, జాబితాలో పేరు రాయించుకున్న మన ఇంజనీరుకు ఓటుంది. పన్నెండేళ్లుగా అక్కడే పన్ను కడుతున్న పోలండ్ ప్లంబరుకు లేదు. అతని బతుకు మీద తీర్పు చెప్పే హక్కు మన చేతికి వచ్చింది. మనలో కొందరు ఏమి చేశారు? యూరప్ వాళ్ల రాక ఆగితే మనవాళ్లకు వీసాలు సులువవుతాయన్న మాట నమ్మి వెళ్లిపోవడానికి గుద్దారు. కూర హోటళ్ల వాళ్లకూ ఇదే ఆశ పెట్టారు, వంటవాళ్లను తెచ్చుకోవచ్చని. పోలింగుకు వారం ముందు, వలస వచ్చినవారి పక్షాన నిలబడిన జో కాక్స్ అనే ఎంపీని నడివీధిలో ఒకడు పొడిచి, కాల్చి చంపాడు. ఫలితాలు వచ్చిన రెండు రోజులకు లండన్‌లోని పోలండ్ సాంస్కృతిక కేంద్రం తలుపు మీద బూతులు రాశారు. అప్పుడైనా అర్థం కాలేదా మీకు? పోలండ్ వాడిని తరమడానికి లేచిన కర్ర మన రంగు చూసి ఆగుతుందని ఏ లెక్కన అనుకున్నారు? తెల్లగా ఉండి, చర్చికి వెళ్లేవాడినే వాళ్లు సహించలేదు కదా! 2024 ఆగస్టులో అల్లరి మూకలు సండర్లండ్‌లో ఆసుపత్రి డ్యూటీకి పోతున్న ఫిలిప్పీన్స్ నర్సుల టాక్సీ మీద రాళ్లు విసిరాయి. ఏ దేశం, ఏ వీసా అని అడిగి విసరలేదు.

ఇక ఆ ఎర్ర బస్సు. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పంపుతున్నాం, వాటిని మన ఆరోగ్య సేవకు ఇద్దాం అని దాని మీద రాసి ఊరూరా తిప్పారు. ఆ సొమ్ము రాలేదు. వచ్చినది ఎక్కడి నుంచో చెబుతాను. ఇద్దరు పిల్లలున్న మన సాఫ్ట్‌వేర్ కుటుంబం అయిదేళ్ల వీసా తీసుకుంటే, జీతం నుంచి కోసే పన్ను కాక, ఒక్క ఆరోగ్య సర్‌ఛార్జి కిందనే ముందుగా 18,110 పౌండ్లు కట్టాలి. శాశ్వత నివాసానికి ఉన్న అయిదేళ్ల గడువును పదేళ్లు చేయాలని 2025లో ప్రతిపాదన కూడా తెచ్చారు.

2016లో గుద్దిన అన్నయ్యగారికి ఈ బాధలేవీ లేవు. ఆయన ఎప్పుడో పౌరసత్వం పుచ్చుకున్నారు, పోలండ్‌లో అచ్చయిన నీలం పాస్‌పోర్టు తెచ్చుకున్నారు. ఆ ప్రతిపాదన అమలైతే పదేళ్లు ఆగవలసింది, రెట్టింపు సర్‌ఛార్జి కట్టవలసింది నిరుడు అక్కడికి చేరిన ఆయన మేనల్లుడు. ఆ మేనల్లుడి ముందే సోఫాలో కాలు మీద కాలు వేసుకుని, ఈ మధ్య దేశంలోకి మరీ ఎవరిని పడితే వాళ్లను రానిస్తున్నారని, లైను కాస్త గట్టిగా బిగించాలని అన్నయ్యగారు సెలవిస్తున్నారు.