ట్యాంకుల కాలం చెల్లిందన్న ఫార్వర్డ్‌కు జవాబు

కొన్నాళ్లుగా తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: "వేల రూపాయల డ్రోన్‌తో కోట్ల ట్యాంకు బూడిదవుతోంది. అమెరికాయే ట్యాంకులు వదిలేసింది. పెద్ద ఫిరంగుల కొత్త ట్యాంకులు దండగ. లడాఖ్ కొండలు అవి ఎక్కలేవు. ఆవడి ఫ్యాక్టరీలో ట్యాంకులు ఆపి డ్రోన్లు చేయించండి." బిడ్డల్ని సైన్యానికి పంపిన తల్లిదండ్రులు కూడా దీన్ని నమ్మి పంచుతున్నారు, అదే నాకు బాధ.

డ్రోన్ల మాటలో నిజం ఉంది. ఉక్రెయిన్‌లో రష్యా వేల ట్యాంకులు పోగొట్టుకుంది. కానీ వాటిలో మందుపాతరలకు, క్షిపణులకు, ఫిరంగి దాడులకు పోయినవీ చాలా ఉన్నాయి. 1973 యుద్ధంలో ఈజిప్టు సైనికులు సోవియట్ క్షిపణులతో ఇజ్రాయెల్ ట్యాంకులను వరసగా కొట్టినప్పుడూ ట్యాంకు పని అయిపోయిందనే అన్నారు. ఆ దెబ్బ తర్వాత ట్యాంకులే మారాయి. కొత్త రకం కవచాలు వచ్చాయి. దూసుకొచ్చే రాకెట్‌ను రాడార్‌తో పసిగట్టి దారిలోనే పేల్చే ట్రోఫీ వ్యవస్థను ఇజ్రాయెల్ 2011 నుంచి యుద్ధంలో వాడుతోంది. పైనుంచి పడే డ్రోన్లను ఆపడమే ఇప్పుడు డిజైనర్ల ముందున్న పెద్ద పని. డ్రోన్ ట్యాంకును కొట్టగలదు, నిజమే. తూటాల మధ్య సైనికులకు అడ్డుగా నిలిచి శత్రువు కందకం దాకా తీసుకెళ్లే పని మాత్రం దానివల్ల కాదు. డ్రోన్లు బాగా వాడే ఉక్రెయినే జర్మనీ లెపర్డ్, అమెరికా అబ్రామ్స్ ట్యాంకులు అడిగి మరీ తెచ్చుకుంది.

ఇక పెద్ద ఫిరంగి. ఎదుటి ట్యాంకు కవచాన్ని చీల్చేది బరువైన లోహంతో చేసిన సన్నని కడ్డీ. కవచం గట్టిపడేకొద్దీ ఆ కడ్డీకి ఇంకా వేగం, ఇంకా బరువు కావాలి. అందుకే 2022లో జర్మనీ సంస్థ రైన్‌మెటల్ 130 మి.మీ. ఫిరంగితో కేఎఫ్51 పాంథర్ ట్యాంకును పారిస్‌లో చూపించింది. ఫ్రాన్స్ వాళ్లు 140 మి.మీ. ఫిరంగిని పరీక్షిస్తున్నారు. దీనికి మూల్యం లేకపోలేదు. గుండు పెద్దదైతే మనిషి చేత్తో నింపడం కష్టం, యంత్రం కావాలి. లెపర్డ్-2 మోసేది 42 గుండ్లు, పాంథర్ యంత్రంలో పట్టేవి 20. అమెరికా అబ్రామ్స్‌ఎక్స్ నమూనా 120 మి.మీ. దగ్గరే ఆగింది. ఎంత పెద్ద ఫిరంగి కావాలన్నది న్యాయమైన చర్చే. అసలు ట్యాంకే వద్దనడం దానికి జవాబు కాదు.

అమెరికాలో ట్యాంకులు వదిలింది సముద్రం మీంచి తీరానికి దిగి పోరాడే మెరైన్ దళం ఒక్కటే. అక్కడి సైన్యం 2023లో ఎం1ఈ3 అనే కొత్త అబ్రామ్స్ పని ప్రకటించింది. 2011లో ట్యాంకులన్నీ వదులుకున్న నెదర్లాండ్స్ మళ్లీ కొంటామని 2024లో చెప్పింది.

లడాఖ్ సంగతి: 2020 ఆగస్టులో పాంగాంగ్ సరస్సుకు దక్షిణాన ఉన్న ఎత్తుల మీదికి మన ట్యాంకులు ఎక్కాయి. బరువు సమస్య మాత్రం నిజమే. అందుకే 25 టన్నుల జొరావర్ అనే తేలిక ట్యాంకు తయారైంది. 2024 డిసెంబరులో 4,200 మీటర్లకు పైన అది గుండ్లు పేల్చి చూపింది.

చివరిది ఆవడి. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే రైలు దాని మీదుగానే పోతుంది. 118 అర్జున్ మార్క్-1ఎ ట్యాంకులకు 2021లో రూ.7,523 కోట్ల ఆర్డర్ ఇచ్చింది అక్కడికే. ట్యాంకుల ఉక్కు దేహాలు, ఫిరంగిని మోస్తూ పైన తిరిగే టరెట్లు చేసే చోట డ్రోన్ మోటార్లు, బ్యాటరీలు చేయించమనడంలో అర్థం లేదు, రెండు పనులూ వేరు. డ్రోన్లూ కావాలి, వాటికి వేరే ఫ్యాక్టరీలు పెట్టమని అడగండి. మన సైన్యంలోని పాత టి-72 ట్యాంకుల స్థానంలో వచ్చే ఎఫ్‌ఆర్‌సీవీ అనే కొత్త ట్యాంకుకు 2024 సెప్టెంబరులో రక్షణ శాఖ ఆమోదం తెలిపింది. పలు పొరల రక్షణ ఉంటుందని కూడా చెప్పింది. ఆ రక్షణ డ్రోన్లను ఎంతవరకు ఆపుతుంది, మన పిల్లలు ఇంకా ఎన్నేళ్లు టి-72ల్లోనే కూర్చోవాలి? గ్రూపుల్లో పంచాల్సిన ప్రశ్నలు ఇవీ.