స్ప్లిట్ పిన్ను కుర్చీలో కూర్చున్న బైండింగ్ వైరు గారికి

మహారాజశ్రీ బైండింగ్ వైరు గారి దివ్య సముఖమునకు,

నమస్కారాలు. తమరి సేవలు నిన్న మధ్యాహ్నం పత్తి సాళ్ల నడుమ ముగిశాయి. ట్రాక్టర్ క్లచ్ తొక్కితే పెడల్ చప్పున కిందికి జారింది గానీ బండి ఆగలేదు. మోకాలెత్తు పత్తి చెట్లను గుంటక కిందికి గుంజుకుంటూ పోయి, ఇంజన్ బందు పెట్టినాకనే నిలబడింది. వంగి చూస్తే తమరు రెండు ముక్కలై యోక్‌కు, అంటే క్లచ్ రాడ్ చివర ఉండే రెండు చెంపల పట్టుకు, వేలాడుతున్నారు. యోక్‌ను లివర్‌కు కలిపే పిన్ను ఏ సాల్లో రాలిందో భూదేవికే తెలుసు. ఆ పూట పని అక్కడికి సరి.

ముందు తమరి అర్హతలు ఒకసారి చూద్దాం. 18 గేజ్. ఒకటింబావు మి.మీ. లావు కూడా నిండదు. కాల్చి మెత్తబరిచిన ఇనుప తీగ. స్లాబు పోసేదాకా సలాకలు కదలకుండా పట్టుకోవడం తమరి ఉద్యోగం. కాంక్రీటు గట్టిపడ్డాక తమరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కటింగ్ ప్లేయర్‌తో రెండు మెలికలు తిప్పితే చెప్పినట్టు వింటారు కాబట్టి సెంట్రింగ్ వాళ్లకు తమరంటే ప్రేమ. ఆ మెత్తదనమే పెడల్ కింద ముప్పు. తొక్కినప్పుడల్లా కొంచెం వంగి, వదిలినప్పుడల్లా కొంచెం లేచి, మెలిక మొదట్లో అలిసిపోయి తెగుతారు. ఇందులో తమరి తప్పేమీ లేదు. 10 మి.మీ. యోక్ పిన్నుకైనా, 12 మి.మీ. పిన్నుకైనా, అది జారకుండా చివరి చిల్లులో దోపి కాళ్లు వంచాల్సింది 3.2 మి.మీ. స్ప్లిట్ పిన్ను. చాయ్ కంటే తక్కువ ధర. ఆ చాయ్ తాగే తీరిక అందరికీ ఉంది, పిన్ను కొనే తీరిక ఎవరికీ లేదు. 'ఇప్పటికి నడువనీ అన్నా, సీజన్ అయినంక చూద్దాం' అనే మహానుభావులు తమరికి పట్టాభిషేకం చేశారు. ఏ సీజన్ అన్నది వాళ్లు చెప్పలేదు. వానకాలం పోయింది, యాసంగి పోయింది, మళ్లీ వానకాలం వచ్చింది.

తమరు తెగినందుకు బాధ లేదండీ. తెగకుండా ఇన్నాళ్లు ఉన్నందుకే బాధ.

ఎందుకో మనవి చేస్తాను. స్ప్లిట్ పిన్ను, దాని కింద వాషర్ ఉంటే యోక్ పిన్ను తన చోట నిటారుగా నిలుస్తుంది. తమరు కట్టిన పిన్ను పైకీ కిందికీ ఊగుతుంది, పక్కకు ఒరుగుతుంది. బరువంతా యోక్ ఒక చెంప మీదే పడుతుంది. దానికి మన చల్క దుమ్ము, రేగడి బురద తోడు. అప్పుడు పిన్ను నడుము సన్నబడుతుంది, హోలు కోడిగుడ్డు లెక్క సాగుతుంది. రాడ్ ఎటు గుంజుతుందో అటే సాగుతుంది. మొదట ఈ అరుగుడు కంటికి ఆనదు. పిన్ను బయటికి తీసి గోటితో గీరితే మెట్టు తగులుతుంది. తమరు ఉన్నంత కాలం ఆ పిన్నును బయటికి తీసినవాడు లేడు. 'వైరు కట్టే ఉంది గదా' అని పైనుంచే చూసి లేచిపోయారు.

ఇక లెక్క. క్లచ్ పెడల్ నుంచి రిలీజ్ షాఫ్ట్ లివర్ దాకా నాలుగు జాయింట్లు ఉన్నాయనుకుందాం. ఒక్కోదాంట్లో అర మి.మీ. ప్లే, అంటే వదులు. మొత్తం 2 మి.మీ. ఇంతేనా అనిపిస్తుంది. కానీ రాడ్ ఒక మి.మీ. కదలాలంటే పెడల్ దాదాపు ఐదు కదలాలి. ఆ 2 మి.మీ. పాదం దగ్గరికి వచ్చేసరికి 10 అవుతుంది. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ విడవడం మొదలయ్యే ముందు పెడల్ ఊరికే దిగే దూరం) 20 నుంచి 30 మి.మీ. దగ్గర ఉండాలంటారు. 25 అనుకుంటే, అందులో 10 జాయింట్లే మింగేశాయి. క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ దగ్గర అసలు ఖాళీ 15 వాటాకు పడిపోయింది.

ఇక్కడే తమరి భక్తులు రెండో ఘనకార్యం చేస్తారు. అరుగుడు పెరిగి పెడల్ ప్లే 40కి పోతుంది, గేర్లు కర్రుమంటాయి. వెంటనే రాడ్ నట్టు తిప్పి 25కు తెస్తారు. గేర్లు పడతాయి. 'సెట్టింగ్ చేసినం' అంటారు. కానీ ఆ 25లో ఇప్పుడు 25 వాటా జాయింట్లదే. బేరింగ్‌కు ఖాళీ సున్నా. బేరింగ్ తాను నొక్కే క్లచ్ ఫింగర్లను (మీటలను) ఎప్పుడూ రాసుకుంటూనే తిరుగుతుంది. నాలుగు నెలలకు కీచుమంటుంది, ఆ తరువాత క్లచ్ జారుతుంది. బేరింగ్ మార్చాలంటే బండిని నడుమకు విప్పి రెండు ముక్కలు చేయాలి. 3.2 మి.మీ. పిన్ను మిగిలించిన మిత్తి అక్కడ కడతారు.

ఒక్క సంగతి గుర్తుంటే ఇదంతా తప్పేది. క్లచ్ ప్లేట్ అరిగితే పెడల్ ప్లే తగ్గుతుంది, పెరగదు. పెరుగుతోందంటే అరిగేది లింకేజీ, అంటే ఆ రాడ్లు, పిన్నులు, జాయింట్లు. అప్పుడు చేయి పోవాల్సింది స్పానర్ మీదికి కాదు, పిన్నుల మీదికి. ఈ ముక్క ఏ మెకానిక్‌కు తెలియదు? అందరికీ తెలుసు. రాడ్ తిప్పడం రెండు నిమిషాల పని. పిన్నులు విప్పాలంటే బురదలో వెల్లకిలా పడుకోవాలి.

ఇంక తమరు, గిమరు అనుడు నాతోని కాదు. సక్కగ మాట్లాడుకుందాం.

నువ్వు చేసిన అసలు నష్టం ఆ హోలు. పిన్ను కొత్తది దొరుకుతది, సాగిన హోలు కొత్తది దొరకది. కొత్త పిన్నును సాగిన హోలులో ఏస్తే నెల తిరగకముందే అదీ పాతదాని దారే పడతది. హోలును గుండ్రం చేయాలె. ఆటోనగర్‌ల ఏ లేత్ షాపుకైనా పో, మొదట చేసేది ఏంది? చేతి డ్రిల్లు పట్టి 12 బిట్టు తోస్తడు. డ్రిల్ బిట్టు పాత హోలు ఎటు సాగిందో అటే జారుతది. హోలు పెద్దదయితది, సెంటర్ మాత్రం పక్కకు పోతది. లివర్ పొడవు మారిపోయి, కుడి చెంప హోలుకు ఎడమ చెంప హోలు కలవదు.

చేసే పద్ధతి ఇట్ల. లివర్‌ను, యోక్‌ను బండికెళ్లి విప్పాలె. డీజిల్‌తోని కడగాలె. గుంజుడు పడని దిక్కున హోలు అంచు ఇంకా అసలు గుండ్రం మీదనే ఉంటది. 10 మి.మీ. హోలయితే, ఆ అంచుకెళ్లి 5 మి.మీ. కొలిచి సెంటర్ గుర్తు పెట్టాలె. సాగిన హోలు నడుమ పెట్టొద్దు. ముక్కను వైస్‌ల కదలకుండ బిగించి మిల్లింగ్ మిషన్ మీదనో, లేత్‌ల బోరింగ్ టూల్‌తోనో 14కు తెరవాలె. యోక్ అయితే రెండు చెంపలు ఒకే బిగింపుల అయిపోవాలె. బయట 14, లోపల 10 ఉండే గన్‌మెటల్ (కంచు) బుష్, అంటే గొట్టం లెక్క తొడుగు, చేసి ప్రెస్ చేయాలె. సుత్తెతోని కొడితే బుష్ మూతి ముడుచుకుంటది. ప్రెస్ చేసినంక లోపలి కొలత కొద్దిగ మూసుకపోతది, అందుకే చివరికి 10 రీమర్ (హోలును సరి కొలతకు నున్నగ చేసే పనిముట్టు) తిప్పాలె. పిన్ను బొటనవేలితోని తోస్తే పోవాలె, ఊపితే ఊగొద్దు. హోలు చుట్టూ 5 మి.మీ. ఇనుము కూడ మిగలని సన్న లివర్ అయితే బుష్ మాట మరిచి, వెల్డింగ్‌తోని పూడ్చి కొత్తగ డ్రిల్ చేయించాలె. బండి మీద ఉండంగనే వెల్డింగ్ పెట్టే ధైర్యవంతులు కనీసం బ్యాటరీ వైర్లు పీకి పెట్టుండ్రి. ఆల్టర్నేటర్ బతుకుతది.

పెడల్ షాఫ్ట్ బుష్ సంగతి కూడ అప్పుడే చూసుకోవాలె. పెడల్‌ను పట్టి పక్కకు ఊపితే పాదం దగ్గర వేలెడు కదిలిందంటే, కింద పిన్నులన్ని మార్చినా దండుగనే.

నీ తమ్ముడు ఒకడున్నడు, మర్ర (త్రెడ్) పోసిన బోల్టు. పిన్ను దొరకలేదని వాడిని తెచ్చి హోలుకు తోస్తరు. మర్రలు హోలులో ఆకురాయి పని చేస్తయి. బోల్టే ఏయాల్సి వస్తే, హోలు నిండుగ మర్రలేని నున్నటి భాగమే ఉండేటట్టు పొడుగు బోల్టు తీసుకొని, ఎక్కువయిన మర్ర కోసెయ్యాలె. అదీ నాలుగు రోజులకే.

స్పేర్ పార్ట్స్ షాపుల సంగతి నీకు తెల్వంది కాదు. 'రేపొస్తదన్నా, రాండ్రి.' ఆ రేపు రాదు. ఆ మోడల్ ఆగిపోయిందని మొదటి నాడే చెప్తే లేత్ దారి పట్టేటోళ్లం గదా! పోనీ, షాపుల దొరికే మామూలు యోక్‌తోనే పని జరుపుకోవచ్చు, కొలతలు ఉంటే. పిన్ను లావు, చెంపల నడుమ సందు, రాడ్ మర్ర. ఈ మూడోదాని కాడనే అందరు బోల్తా పడతరు. జపాన్ డిజైన్‌కెళ్లి వచ్చిన పాత చిన్న ట్రాక్టర్లల్ల ఎం10 (10 మి.మీ. మర్ర) అంటే చానవరకు 1.25 పిచ్, మర్రకు మర్రకు నడుమ మి.మీ. దూరం. మన హార్డ్‌వేర్ షాపుల డబ్బాల ఉండే ఎం10 నట్టు 1.5. ఒకటిన్నర చుట్టు మంచిగనే పోతది, తరువాత బిగుసుకుంటది. 'కొత్తది గదా, గట్టిగ ఉంది' అని స్పానర్‌కు పైపు తగిలిస్తే రాడ్ మర్ర మొత్తం లేసిపోతది. పాత రాడ్‌ను చేతుల పట్టుకొని పోవాలె, నట్టు వేలితోని తిప్పి చూసుకోవాలె.

గ్రీజు పూసుడు గురించి కూడ రెండు ముక్కలు. గ్రీజు గన్ను తగిలించే నిపుల్ ఉన్నకాడ పాత నల్ల గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలె. నిపుల్ లేని పిన్ను మీద పిడికెడు గ్రీజు మెత్తితే దుమ్మంత దానికే అంటుకొని సాన పట్టినట్టు తింటది. రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ చాలు. కరిగెట (దమ్ము) చేసి వచ్చిన పొద్దు కడిగినంకనే.

గేర్ లివర్ అడుగున గుండు, దాని కప్పు అరిగి రివర్స్ ఏడుందో దేవులాడే బండ్ల గురించి ఇంకో ఉత్తరం. హ్యాండ్ యాక్సిలరేటర్ నిలవకుండ జారితే ఫ్రిక్షన్ వాషర్ మార్చాలె గానీ నిన్ను తెచ్చి హ్యాండిల్‌కు కట్టుడు కాదు.

స్టీరింగ్ రాడ్ ఎండ్ కాడ కూడ నిన్ను చూసినోళ్లున్నరు. అక్కడ ఉండేది గాళ్లు కోసిన నట్టు, స్ప్లిట్ పిన్ను. నట్టు బిగించినంక హోలు కలవకపోతే ఇంక కొంచెం బిగించి కలపాలె, ఎనకకు వదిలి కలపొద్దు. వదిలితే టేపర్ (కొసకు సన్నబడే భాగం) పట్టు పోతది. విప్పేటప్పుడు మర్ర మీద సుత్తె పెట్టొద్దు. రాడ్ కన్నుకు రెండు దిక్కుల రెండు సుత్తెలు ఎదురెదురుగ తగిలిస్తే జారుతది. విప్పకముందు ఎండ్‌కు ఎండ్‌కు నడుమ కొలత రాసి పెట్టుకోవాలె, లేకుంటే ముందు చక్రాలు తలోదిక్కు చూస్తయి. ఒక దిక్కు ఎడమ మర్ర ఉంటదని యాది పెట్టుకోవాలె.

ఇగ బ్రేక్ రాడ్. ఇక్కడ నాకు నవ్వు రాదు.

క్లచ్ కాడ నువ్వు తెగితే పత్తి చెట్లు పోయినయి, పోనీ. బ్రేక్ రాడ్ కాడ నువ్వు తెగితే ఎవడు పోతడు? ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి, రెండు పెడళ్లు, రెండు రాడ్లు. ఒక దిక్కు పిన్ను అరిగి ఇంకో దిక్కు మంచిగుంటే, రెండు కలిపి తొక్కినా బండి ఒక్క దిక్కే గుంజుతది. వడ్ల బస్తాలు, మిర్చి బస్తాలు ఎత్తి ఏనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాలీకి, మాఘమాసంల మేడారం జాతరకు పిల్లాజెల్లను ఎక్కించుకొని పోయే ట్రాలీకి, ముందున్న బండి బ్రేక్ పిన్నుకు బైండింగ్ వైరు! అది రిపేరు కాదు, దగా. ట్రాలీల కూసున్నోళ్లకు నువ్వున్నవని తెల్వది. కట్టినోనికి తెలుసు. ఎరుక ఉండి చేసిండు. నిలువు పిన్నుకు తల పైకి ఉండాలె, స్ప్లిట్ పిన్ను రాలినా పిన్ను బరువుతోనన్న కొంతసేపు ఆగుతది. అడ్డం పిన్ను అయితే స్ప్లిట్ పిన్ను కంటికి కనబడే దిక్కు ఉండాలె. ఒకసారి విప్పిన స్ప్లిట్ పిన్ను మళ్ల ఏయొద్దు, కాళ్లు ఒంచి మళ్ల సాపు చేసినకాడ అది ఇరుగుతది. రెండు పెడళ్ల ప్లే సమానం పెట్టి, రెండింటిని కలిపే లాక్ వేసి, చదును నేల మీద మెల్లగ పోతూ తొక్కి చూసుకోవాలె. ఇయ్యి చేయనోడు రోడ్డెక్కొద్దు.

కోపం కొంచెం ఎక్కువయింది. క్లచ్ పని అయినంక కూడ ఒక చూపు ఉంది. ఇంజన్ నడుస్తుండంగ క్లచ్ పూర్తిగ తొక్కి, నాలుగు సెకన్లు ఆగి, రివర్స్ ఏస్తే చప్పుడు లేకుండ పడాలె. పడితే చెక్ నట్టు బిగించుకోవచ్చు. కర్రుమంటే ఇంకేదో జాయింట్ మిగిలింది. ఇంకోసారి రాడ్ తిప్పే ముందట పెడల్‌ను ఒకరితోని చేతులతోని మెల్లగ కదిలించి, ఇంకొకరు ఒక్కో జాయింట్ మీద వేలు పెట్టి చూడాలె. పెడల్ కదిలి అవతలి రాడ్ కదలని జాయింటే దొంగ.

నీ మీద పగ లేదు. పందిరికి కట్టు, డ్రిప్ పైపు పక్కకు పోకుండ ముంగిట కట్టు, ఊడిన మడ్‌గార్డును ఇంటిదాకా మోసుకరా. టూల్ బాక్స్‌ల నీ చుట్ట ఒకటి ఎప్పుడు ఉంటది, తీసెయ్యం. పక్కన 3.2, 4 మి.మీ. స్ప్లిట్ పిన్నుల డబ్బా కూడ పెడుతున్నం. ఎవరి పని వాళ్లది.

ఇట్లు,
తోట ట్రాక్టర్ యజమాన్యం తరఫున

తా.క.: ఉత్తరం మడుస్తుండంగ హైడ్రాలిక్ లివర్ లింకు కాడ నువ్వు మళ్ల కనబడ్డవు. రెండు చుట్లు, గట్టి ముడి. కల్టివేటర్ నిలవకుండ పైకి కిందికి ఎందుకు ఎగురుతుందో ఇప్పుడు తెలిసింది. రేపు పొద్దున కటింగ్ ప్లేయర్ పట్టుకొని వస్తున్నం.