గడువు తీరని వాల్యూమ్‌ను తుడవొచ్చా?

వాదానికి పెట్టుకున్న విషయం ఇది. బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ మీది వాల్యూములన్నీ (బ్యాకప్ రాసుకునే ఫైళ్లు) నిండిపోయి రాత్రి జాబ్ (బ్యాకప్ పని) ఆగిపోయింది. ఇకముందు ఇలా జరిగితే గడువు (రిటెన్షన్, అంటే వాల్యూమ్‌ను చెరపకుండా ఉంచాల్సిన కాలం) సంగతి చూడకుండా అన్నిటికంటే పాత వాల్యూమ్‌ను తుడిచి వాడుకునేలా సెట్ చెయ్యాలా, వద్దా? చెయ్యాలనేది తమ్ముడి పక్షం. సర్వర్లు, డిస్కులు అతని డ్యూటీ. వద్దనేది అక్క పక్షం. డేటాబేసులు ఆవిడవి, పోయిన ఫైలు తెచ్చిపెట్టమని ఫోన్ వచ్చేది ఆవిడకే. వరసలు ఆఫీసు పిలుపులే.

పూల్‌లో (ఒకే నియమాల కింద ఉండే వాల్యూముల గుంపు) 40 వాల్యూములు, ఒక్కోటి 50 జీబీ. ఆదివారం రాత్రి నుంచి కన్సోల్‌లో ఒకటే పాట: రాయడానికి వీలున్న వాల్యూమ్ దొరకలేదు, కొత్తదానికి లేబుల్ వెయ్యండి (అంటే పేరు పెట్టి నమోదు చెయ్యండి).

తమ్ముడు: అక్కా, ఐదు నెలల కిందటి బ్యాకప్ పోయిందంటే ఎవరికీ తెలియను కూడా తెలియదు. నిన్నటి బ్యాకప్ లేకుండా ఇవాళ డిస్క్ పోయిందనుకోండి, మనిద్దరం మీటింగ్ రూమ్‌లో నిలబడాలి. పాతది తుడవాలి, కొత్తది రాయాలి, అంతే. ‘పర్జ్ ఓల్డెస్ట్ వాల్యూమ్’ అని పూల్‌లో పెట్టుకునే లైను ఇచ్చిందే ఇందుకు. ఎస్ అని పెడితే ఈ టెన్షన్ ఉండదు.

అక్క: లైను ఉంది, కాదనను. దాని పక్కనే మాన్యువల్‌లో ఉన్న హెచ్చరిక చదివావా? ఏ రిటెన్షన్ గడువునూ లెక్కచెయ్యదని అందులోనే ఉంది. పూల్‌లో ఒక్కటే వాల్యూమ్ ఉంటే, అది నిండగానే దాన్నే చెరిపి మళ్లీ మొదలుపెడుతుందట.

తమ్ముడు: మనకి ఒకటి కాదుగా, 40 ఉన్నాయి.

అక్క: అయితే నా ప్రశ్న వేరే. ఆ 40లో ఐదారు నెలల కిందటివి ఉన్నాయని నువ్వే అంటున్నావు. కాన్ఫిగ్‌లో గడువు ఎంత?

తమ్ముడు: 30 రోజులు. మొదట్లో ఏడాది ఉండేది, నేనే తగ్గించి, కాన్ఫిగ్‌ను మళ్లీ చదివించే రీలోడ్ కొట్టాను. గడువు తీరిన రికార్డులు తీసేసే ఆటోప్రూన్ ఎస్, ఖాళీ అయిన వాల్యూమ్‌ను మళ్లీ వాడే రీసైకిల్ ఎస్, రెండూ చూశాను. అయినా ఒక్క వాల్యూమ్ కదల్లేదు. అందుకే అంటున్నా, ఈ గడువుల యంత్రాంగాన్ని నమ్ముకుని లాభం లేదని.

అక్క: బీకన్సోల్, అదే బాక్యులాకి ఆదేశాలిచ్చే కన్సోల్, తెరిచి లిస్ట్ వాల్యూమ్స్ కొట్టు. స్టేటస్ అందరూ చూస్తారు, నువ్వు వాల్‌రిటెన్షన్ గడి చూడు.

తమ్ముడు: 31,536,000. అన్నిటికీ అదే.

అక్క: అవి సెకన్లు. 365 రోజులు. 30 రోజులైతే 2,592,000 ఉండాలి. పూల్‌లో రాసిన గడువు వాల్యూమ్‌కు లేబుల్ వేసేటప్పుడు కేటలాగ్‌లోకి, అంటే బాక్యులా తన రికార్డులు పెట్టుకునే డేటాబేసులోకి, కాపీ అవుతుంది. తర్వాత కాన్ఫిగ్‌లో ఏం దిద్దినా పాత వాల్యూములకి అంటదు. అప్‌డేట్ వాల్యూమ్ అని కొట్టి, మెనూలో పూల్‌లోని అన్ని వాల్యూములకూ అనేది ఎంచుకుంటే తప్ప అవి ఏడాది పట్టుకునే కూర్చుంటాయి. బాక్యులా తప్పేం చెయ్యలేదు, దానికి ఇచ్చిన మాట మీదే నిలబడింది.

తమ్ముడు: భలే. ఫైల్లో రాసుకున్నది ఒకటి, నడిచేది ఇంకొకటి. దీన్ని మీరు మాట మీద నిలబడటం అంటారు, నేను బగ్ అంటాను. రీలోడ్ కొట్టినప్పుడు పాత వాల్యూములకి ఇది వర్తించదని ఒక్క లైను చూపిస్తే దాని సొమ్మేం పోయింది?

అక్క: ఆ ముక్క ఒప్పుకుంటా. హెచ్చరించాల్సిందే. కానీ ఇది టేపుల రోజుల్లో పుట్టింది, 2000లో మొదలై 2002లో బయటికొచ్చింది. టేపుకి ఏడాది గడువుతో లేబుల్ వేసి బీరువాలో పెట్టాక, ఎవరో 30కి బదులు 3 అని టైప్ చేసి రీలోడ్ కొడితే బీరువాలోవన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోవాలా?

తమ్ముడు: మన దగ్గర బీరువా లేదు, టేపూ లేదు. సరే, వదిలేయండి. అప్‌డేట్ కొట్టి అన్నిటికీ 30 రోజులు చేసేస్తా. పాతవి వాటంతటవే ఖాళీ అవుతాయి. మీ వాదమే గెలిచింది, పనయిపోయింది.

అక్క: ఆగు. 30 పెడితే ఇంకా పెద్ద గొయ్యి. మనం వాడేది బాక్యులాతో వచ్చే నమూనా షెడ్యూలే. నెల మొదటి ఆదివారం రాత్రి 11:05కి ఫుల్, అంటే మొత్తం డేటా; మిగతా ఆదివారాలు డిఫరెన్షియల్, అంటే ఫుల్ తర్వాత మారినవన్నీ; సోమవారం నుంచి శనివారం దాకా ఇన్‌క్రిమెంటల్, అంటే అంతకుముందు బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే. ఒక ఫుల్‌కి ఇంకో ఫుల్‌కి మధ్య ఎన్ని రోజులు?

తమ్ముడు: నెల.

అక్క: 28, లేకపోతే 35. 2025 క్యాలెండర్ తీసుకో. జూన్ 1 ఆదివారం. తర్వాతి మొదటి ఆదివారం జూలై 6. జూన్ 1 రాత్రి మొదలైన ఫుల్ 2వ తేదీ తెల్లవారుజామున ముగిసిందనుకుందాం. గడువు లెక్క చివరిసారి రాసిన సమయం నుంచి మొదలవుతుంది కాబట్టి, జూలై 2కి ఆ వాల్యూములకి గడువు తీరింది. ఆ రాత్రి ఇన్‌క్రిమెంటల్‌కి చోటు కావాలి. రాయడానికి వీలున్నది లేకపోతే, బాక్యులాలో జాబుల్ని నడిపించే భాగమైన డైరెక్టర్ గడువు తీరినవాటిలో పాతదాన్ని తీస్తుంది. ఆ పాతది ఏది?

తమ్ముడు: ... జూన్ ఫుల్.

అక్క: అది చెరిగితే దాని మీద ఆధారపడ్డ డిఫరెన్షియల్సూ ఇన్‌క్రిమెంటల్సూ డిస్క్ మీద భద్రంగానే ఉంటాయి, ఎందుకూ పనికిరావు. అక్కడితో ఆగదు. మర్నాడు రాత్రి ఇన్‌క్రిమెంటల్ మొదలవుతూనే కేటలాగ్‌లో ఫుల్ కోసం వెతుకుతుంది. ముందటి ఫుల్ రికార్డు లేదు, ఫుల్ తీస్తున్నా అని లాగ్‌లో రాసి తనే ఫుల్‌గా మారిపోతుంది. చోటు చాలక ఏడుస్తున్న పూల్‌లో ఉన్నట్టుండి ఒక ఫుల్ అంత బరువు పడుతుంది. దాంతో ఇంకో నాలుగు పాతవి ఎగిరిపోతాయి. నువ్వు అడిగే పర్జ్ ఓల్డెస్ట్ పెట్టామనుకో, ఇదే తంతు ఏ నెలలోనైనా, 28 రోజుల నెలలో కూడా జరుగుతుంది. దానికి గడువుతో పనే లేదు కదా. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టుకోవడమే.

తమ్ముడు: అయితే 40 రోజులు పెడదాం. 35 దాటింది చాలదా?

అక్క: మనం అందరికీ ఏమని చెప్పాం? 30 రోజుల వెనక్కి ఏ రోజుకైనా తెస్తామని. జూలై 5 శనివారం నాటి స్థితి ఆగస్టు 4న అడిగారనుకో. అది జూన్ 1 ఫుల్ మీద నిలబడింది. జూన్ 1 నుంచి ఆగస్టు 4కి 64 రోజులు. ఫుల్‌కి 70 పెట్టకపోతే ఆ మాట ఉత్తదే. క్లయింట్ సెక్షన్‌లో ఫైల్ రిటెన్షన్ వేరే ఉంటుంది, దాని డిఫాల్ట్ 60 రోజులు. దాన్నీ పెంచాలి. లేదంటే వాల్యూమ్ ఉన్నా, అందులోంచి ఒక్క ఫైలు ఎంచుకుందామంటే జాబితా ఉండదు.

తమ్ముడు: ఇదిగో, అసలు సంగతి ఇప్పుడు వచ్చింది. 30 రోజులు ఇస్తామని చెప్పడానికి 70 రోజుల ఫుల్స్ దాచాలి. డిస్క్ ఎవరిస్తారు? గడువులు పెంచమనేవాళ్లకి చోటు కనబడదు. వచ్చే ఏడాది బడ్జెట్ మెయిల్ మీరు పంపుతారా?

అక్క: పంపుతా. కానీ ముందు మూడు పూల్స్ విడగొట్టు. ఇప్పుడు అన్ని రకాలూ ఒకే పూల్‌లో కలిసిపోవడం వల్ల రోజువారీ చిల్లర కూడా ఫుల్‌తో సమానంగా ఏడాదిపాటు కూర్చుంటోంది. డిస్క్ బ్యాకప్‌కి మాన్యువల్‌లో ఇచ్చిన ఉదాహరణలో ఫుల్‌కి 6 నెలలు, డిఫరెన్షియల్‌కి 40 రోజులు, ఇన్‌క్రిమెంటల్‌కి 20 రోజులు. ఆ అంకెలే పెట్టమనను. మనకి 30 రోజుల హామీ ఉంది కాబట్టి ఇన్‌క్రిమెంటల్‌కి 20 చాలదు, ఫుల్‌కి 6 నెలలు అక్కర్లేదు.

తమ్ముడు: పూల్స్ విడగొట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. ఇంకో బాధ ఉంది. పోయిన వారం ప్రయత్నానికి ఒక వాల్యూమ్‌ను చేత్తో పర్జ్ చేశా. స్టేటస్ పర్జ్‌డ్ అని మారింది. డిస్క్‌లో ఎంత నిండిందో చూపే డీఎఫ్ కొట్టి చూస్తే ఒక్క జీబీ తగ్గలేదు! ఇంక ఫైలునే తీసేసే ఆర్ఎమ్ కొట్టేద్దామని చెయ్యి లేచింది.

అక్క: కొట్టలేదు కదా?

తమ్ముడు: కొట్టలేదు.

అక్క: కేటలాగ్‌లో పేరుండి డిస్క్ మీద ఫైలు లేకపోతే, బాక్యులా దాన్నే కావాలని అడుగుతుంది, తెరవలేక ఎర్రర్ ఇస్తుంది. తీసెయ్యాలంటే ముందు కన్సోల్‌లో డిలీట్, ఆ తర్వాత ఆర్ఎమ్. ఇక పర్జ్ అంటే కేటలాగ్‌లో రికార్డులు పోవడం, అంతే. 50 జీబీ ఫైలు 50 జీబీగానే ఉంటుంది, మళ్లీ రాసేటప్పుడు మొదటి నుంచి చెరుపుతుంది. నాకు దానిమీద ప్రేమ అందుకే. పొరపాటున పర్జ్ అయిన వాల్యూమ్‌ను బీస్కాన్ అనే టూల్‌తో చదివించి కేటలాగ్‌లోకి వెనక్కి తెచ్చుకోవచ్చు.

తమ్ముడు: చోటు కావాలంటే?

అక్క: ట్రంకేట్ ఉంది. పూల్‌లో యాక్షన్ ఆన్ పర్జ్ దగ్గర ట్రంకేట్ పెట్టి, ఆ ఆదేశం నడిపితే ఫైలు లేబుల్ అంత చిన్నదైపోతుంది. బీస్కాన్ ఆశ అక్కడితో సరి. వాల్యూముల సంఖ్యకి పరిమితి ఉంది కాబట్టి మనకి దాని అవసరం లేదు. 40 ఫైళ్లు 2 టీబీ దాటవు, ఆ 2 టీబీ ఎప్పుడూ నిండుగానే కనబడతాయి. డిస్క్ నిండిందని నీకు అలారం వస్తే అలారం పరిమితి మార్చుకో.

(ఈ చివరి సలహా తమ్ముడికి నచ్చలేదు. నచ్చకపోవడం న్యాయమే. ఎప్పుడూ నిండుగా ఉండే డిస్క్‌ను చూస్తూ నిశ్చింతగా ఉండమని సిస్టమ్ అడ్మిన్‌కి చెప్పడం తేలిక కాదు.)

తమ్ముడు: గడువుల విషయం మీరన్నట్టే కానివ్వండి. నా మొదటి మాటకి మాత్రం జవాబు రాలేదు. ఆదివారం నుంచి మూడు రాత్రులు. జాబ్ ఫెయిల్ అయితే ఎర్ర మెయిల్ వచ్చేది. ఇది ఫెయిల్ కాలేదు, వాల్యూమ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. వెనక జాబులన్నీ క్యూలో. తుడిచేసి ఉంటే మూడు బ్యాకప్పులు చేతిలో ఉండేవి. పాతదాన్ని కాపాడటానికి కొత్తది పుట్టనివ్వకపోతే అది ఎలాంటి జాగ్రత్త?

అక్క: అది చెప్పింది. వాల్యూమ్ కావాలని అడిగే మెయిల్ ఆపరేటర్‌కి పోతుంది. మన మెసేజెస్ సెక్షన్‌లో ఆపరేటర్ అడ్రస్ ఇంకా ఆ సర్వర్‌లోని రూట్ (అడ్మిన్ ఖాతా) మెయిల్‌బాక్సే.

తమ్ముడు: రూట్ మెయిల్ ఎవరు చదువుతారక్కా!

అక్క: ఎవరూ చదవరు. అందుకే ఈ ఒక్కదాంట్లో నీ పక్షమే నాది. నిశ్శబ్దంగా ఆగిపోవడం జాగ్రత్త కాదు. అడ్రస్ మార్చు. జాబ్‌కి మ్యాక్స్ వెయిట్ టైమ్ రెండు గంటలు పెట్టు. ఆలోపు వాల్యూమ్ దొరకకపోతే జాబ్ రద్దవుతుంది, నీ ఎర్ర మెయిలూ వస్తుంది.

తమ్ముడు: ఇవాళ రాత్రికి?

అక్క: ఉన్నవాటికి 70 రోజులు అప్‌డేట్ చెయ్యి. అంతకంటే పాతవన్నీ గడువు తీరినట్టే. ఆగిన జాబ్‌ను కాన్సిల్ చేసి మళ్లీ నడుపు, వాల్యూమ్ అదే తీసుకుంటుంది. పూల్స్ శనివారం విడగొడదాం.

తమ్ముడు: పర్జ్ ఓల్డెస్ట్ అసలు ఎక్కడా పెట్టొద్దంటారా? టెస్ట్ సర్వర్లకి?

అక్క: వాటికి వేరే పూల్ చేసి పెట్టుకో. అవి పోతే మళ్లీ కట్టుకుంటాం. ఫుల్ పూల్ మీద మాత్రం చెయ్యి వెయ్యకు.

తమ్ముడు: ఇన్‌క్రిమెంటల్ పూల్?

అక్క: దానికి రీసైకిల్ ఓల్డెస్ట్ చాలు. అది పాతదాన్నే చూస్తుంది గానీ గడువు తీరితేనే తీస్తుంది.

తమ్ముడు: తీరినవి ఏవీ లేకపోతే?

అక్క: ఆగుతుంది.

తమ్ముడు: మళ్లీ ఆగడమేనా!

అక్క: రెండు గంటలు. తర్వాత మెయిల్ నీకూ వస్తుంది, నాకూ వస్తుంది. అప్పుడు ఏది తుడవాలో లిస్ట్ చూసి ఇద్దరం కొట్టుకుందాం.