నీలి గీతకు గడువు తేదీ

దక్షిణ లెబనాన్‌లోని ఐక్యరాజ్యసమితి శాంతి దళం (యూనిఫిల్) పేరులోనే ‘తాత్కాలిక’ అన్న మాట ఉంది. 1978 మార్చిలో పుట్టిన ఆ తాత్కాలికానికి 2025 నాటికి 47 ఏళ్లు నిండాయి. 2006 తర్వాత ఏటా ఆగస్టులో భద్రతామండలి గడువు పెంచడం ఆనవాయితీగా ఉండేది. 2024 ఆగస్టులో లెబనాన్ సాయుధ సంస్థ హెజ్‌బొల్లా, ఇజ్రాయెల్ పోరు నడుస్తున్నప్పుడూ పెంచింది. 2025 ఆగస్టు 28న మాత్రం ఇదే ఆఖరిసారని ఏకగ్రీవంగా తేల్చేసింది. 2026 డిసెంబరు 31తో విధులు సరి, ఆపై ఏడాదిలోగా మూటాముల్లె సర్దుకోవాలి.

ఇన్నేళ్లలో ఏం సాధించారని అమెరికా, ఇజ్రాయెల్ అడుగుతున్నాయి. అడగాల్సిన ప్రశ్నే. 2006లో ఇజ్రాయెల్, హెజ్‌బొల్లా యుద్ధాన్ని ఆపిన భద్రతామండలి 1701 తీర్మానం ప్రకారం దక్షిణ లెబనాన్‌లో లితానీ నదికి దక్షిణాన లెబనాన్ సైన్యం, శాంతి దళం తప్ప ఎవరి దగ్గరా ఆయుధాలు ఉండకూడదు. హెజ్‌బొల్లా అక్కడే సొరంగాలు తవ్వి రాకెట్లు పేర్చుకుంది. కానీ లెబనాన్ సైన్యం వెంట లేకుండా ప్రైవేటు స్థలంలో సోదా చేసే అధికారమే దళానికి లేదు. చేతులు కట్టేసి, ఈత రాదని తిట్టినట్టుంది.

2024 అక్టోబరులో ఇజ్రాయెల్ ట్యాంకు నఖూరాలోని దళం ప్రధాన కార్యాలయం కాపలా టవర్‌నే కొట్టింది. ఇద్దరు ఇండోనేషియా సైనికులు గాయపడ్డారు. తప్పుకోమని ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు చెప్పినా దళం కదల్లేదు.

దౌత్య సంబంధాలు లేని లెబనాన్, ఇజ్రాయెల్ సైనికాధికారులు ఏళ్ల తరబడి ఒకే గదిలో కూర్చున్నది ఈ నఖూరాలోనే. ఆ రెండు దేశాల మధ్య ఐరాస గీసిన ‘నీలి గీత’ అంటే అక్కడ చాలాచోట్ల ఒక నీలి పీపా, దాని పక్కనే ఎవరిదో ఆలివ్ తోట. కాయలు కోసుకోవాలంటే రైతుకు మధ్యవర్తి కావాలి. 1998 నుంచి అక్కడున్న భారత బెటాలియన్ దగ్గరికి ఊళ్లవాళ్లు జబ్బుచేసిన మేకల్ని కూడా తోలుకొస్తారు, పశువైద్యుడు ఉన్నాడు కాబట్టి. పొడిగింపుపై ఓటేసే రోజున ఇవేవీ లెక్కలోకి రావు.

శాంతి దళాన్ని తొందరపడి పంపేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాం. 1967 మేలో ఈజిప్టు పొమ్మనగానే గాజా, సినాయ్ నుంచి మరో ఐరాస శాంతి దళాన్ని వెనక్కి పిలిచారు. జూన్ 5న ఇజ్రాయెల్, అరబ్ దేశాల మధ్య యుద్ధం మొదలైంది. ఇంకా బయల్దేరని భారత సైనికులు కొందరు గాజాలో ప్రాణాలు కోల్పోయారు.

దళం శాశ్వతంగా ఉండాలని మేము అనడం లేదు. క్యాలెండర్ చూసి పంపేయడమే మా అభ్యంతరం. 2024 నవంబరు కాల్పుల విరమణ తర్వాత కూడా ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్ గడ్డపై ఐదు చోట్ల ఉండిపోయింది. లెబనాన్ సైన్యానికేమో జీతాలకు సైతం విదేశీ సాయం కావాల్సి వచ్చింది. ఈ రెండూ తేలాకే దళం కదలాలని షరతు పెట్టాల్సింది. దళం వెళ్లాక ఏం చేయాలో 2026 జూన్ 1లోగా చెప్పాలని ఐరాస సెక్రటరీ జనరల్‌ను 2025 ఆగస్టు తీర్మానం అడిగింది. ఆ కాగితం విషయంలో, సైనికుల్ని పంపిన దేశంగా ఢిల్లీ గట్టిగా నోరు విప్పాలి.