వాషింగ్టన్‌లో మార్షల్ దీవుల గొంతు

పసిఫిక్ మహాసముద్రంలో సుమారు 42 వేల జనాభా గల మార్షల్ దీవులకు వాషింగ్టన్‌లో ఉన్న రాయబార కార్యాలయం చేయవలసిన పని ఆ దేశం పరిమాణాన్ని బట్టి కాక, అమెరికాతో దానికున్న ముడిని బట్టి పెరిగింది. 1986లో అమల్లోకి వచ్చిన స్వేచ్ఛా అనుబంధ ఒప్పందం ప్రకారం ఆ దీవుల పౌరులు వీసా లేకుండా అమెరికాలో నివసించి ఉద్యోగం చేసుకోవచ్చు. బదులుగా రక్షణ బాధ్యతతో పాటు క్వాజలీన్ క్షిపణి పరీక్షా కేంద్రం అమెరికా చేతిలో ఉంటుంది. ఒప్పందపు నిధుల్లో అధిక భాగాన్ని నడిపించేది విదేశాంగ శాఖ కాదు, అంతర్గత వ్యవహారాల శాఖ. నిధులు మంజూరు చేసేది మాత్రం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్. కాబట్టి ఇక్కడి రాయబారి విందుల కంటే చట్టసభ కమిటీల చుట్టూ ఎక్కువగా తిరగాలి.

తిరగకపోతే ఏమవుతుందో 1996 చెబుతుంది. ఆ ఏడాది వచ్చిన సంక్షేమ సంస్కరణల చట్టంలో అర్హుల నిర్వచనం ఈ దీవుల వారికి వర్తించకపోవడంతో, అమెరికాలో పని చేస్తూ పన్నులు కడుతున్న కుటుంబాలు మెడికెయిడ్ వైద్య సాయానికి దూరమయ్యాయి. దాన్ని తిరిగి సాధించడానికి 2020 డిసెంబరు దాకా, అంటే 24 ఏళ్లు పట్టింది. ఓటు హక్కు లేని వలసదారుల తరఫున చట్టం ముసాయిదాలో ఉండగానే ప్రశ్నించవలసిన మొదటి గొంతు రాయబార కార్యాలయానిదే అని నా అభిప్రాయం.

అణు పరిహారం కథ ఇంతకంటే బాధాకరం. 1946 నుంచి 1958 వరకు అమెరికా అక్కడ 67 అణు పరీక్షలు జరిపింది. అన్ని దావాలకూ పూర్తి పరిష్కారమంటూ 1986లో ఇచ్చిన నిధి 15 కోట్ల డాలర్లు; ఆ తర్వాత ఆ దావాలను విచారించిన అణు పరిహార ట్రైబ్యునల్ ఖరారు చేసిన పరిహారం 200 కోట్ల డాలర్లు దాటింది. అందుకే 2022 సెప్టెంబరులో, అణు వారసత్వంపై స్పందన లేదంటూ మార్షల్ ప్రతినిధులు ఒప్పంద పునరుద్ధరణ చర్చలను నిలిపివేయడం మొండితనం అనిపించదు. 2023 అక్టోబరులో 20 ఏళ్లకు సుమారు 230 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అయినా దానికి కాంగ్రెస్ ఆమోదం 2024 మార్చిలో గానీ రాలేదు.

అర్కాన్సాస్‌లోని స్ప్రింగ్‌డేల్‌లో, కోళ్ల మాంసం కర్మాగారాల్లో పనిచేసే వేలాది మార్షలీయుల మధ్య ఆ దేశం ఒక కాన్సులేట్ నడుపుతోంది. అక్కడికి వచ్చే వైద్య, గుర్తింపు పత్రాల సమస్యలు రేపు వాషింగ్టన్‌లో చట్ట సవరణల ప్రతిపాదనలుగా మారాలంటే, ఆ రెండు కార్యాలయాల మధ్య చట్టం చదవగల మనుషులు ఇంకా కావాలి.